చిక్కుడు గింజంత సాయం

ఆ సందులో శుభ్రమ్మ అంటే అందరికీ హడల్. ఆవిడ అసలు పేరు వేరే ఉంది గానీ అది కొడుక్కి తప్ప ఎవరికీ గుర్తులేదు. వాడైనా కాస్త ఆలోచించుకుని చెప్పాలి. పొద్దున్న లేచింది మొదలు ఆవిడ చేతిలో చీపురో తడిగుడ్డో ఉండాల్సిందే. పోనీ తన గుమ్మం తను కడుక్కుని ఊరుకుంటుందా అంటే, అదీ లేదు. పక్కింటి గుమ్మం ముందు ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఏమ్మా, ఇవాళ మీకు నీళ్ళు రాలేదా?" అని అడిగి మరీ కదిలేది. ఆవిడ ఇంటికి వెళ్ళినవాళ్ళు చెప్పులు బయట విడవాలి, కాళ్ళు కడుక్కోవాలి, కుర్చీ అంచున కూర్చోవాలి. ఇక ఆవిడ గిన్నెల్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కండక్టరుగారి భార్య ఒకసారి నిజంగానే దువ్వుకుంది. ఆవిడ గుమ్మం దిగకముందే ఆ గిన్నె మళ్ళీ తోముడుకి వెళ్ళింది.

అలాంటి సందులోకి ఒకరోజు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ సంచీ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీలు వేసుకుని వచ్చింది. వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టుకుని ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు గనక ఆవిడకి ఇల్లిల్లూ తిరిగే శ్రమ తప్పింది.

"ఇంటికొక డబ్బీ తీసుకోండి. బడికెళ్ళే పిల్లల్లో ఒకళ్ళది, రేపు పొద్దున్న దొడ్డికెళ్ళినప్పుడు కొంచెం తీసి ఇందులో పెట్టి మూత బిగించండి. చిక్కుడు గింజంత చాలు. దయచేసి నింపకండి," అంది నర్సమ్మ. ఆఖరి మాట ఎందుకందంటే, వెనక వీధిలో ఒకాయన నిండా కుక్కి, మూత పట్టక పైన గుడ్డ కట్టి తెచ్చాడట.

"ఛీ ఛీ, దేనికమ్మా ఇదంతా?" అంది ఇస్త్రీ బండి ఆవిడ.

"కడుపులో పురుగులున్నాయేమో చూడ్డానికి. ఈ చుట్టుపక్కల సగం మంది పిల్లలకి ఉన్నాయి. వాటి గుడ్లు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి డాక్టరుగారే వచ్చి పిల్లలందర్నీ చూసి మందులిస్తారు."

"మా సందులో అలాంటివి ఉండవమ్మా," అంది శుభ్రమ్మ, అందరి తరఫునా తనే. "వెనక వీధిలో చూసుకోండి."

"వెనక వీధివాళ్ళు మీ సందులో చూడమన్నారు పెద్దమ్మగారూ," అని నర్సమ్మ ఆవిడ చేతిలోనూ ఒక డబ్బీ పెట్టేసి వెళ్ళిపోయింది.

నర్సమ్మ అలా మలుపు తిరిగిందో లేదో, పురుగులు తేలిన ఇంటి తలుపు మీద గుర్తు వేస్తారని పుకారు పుట్టింది. దోమల మందు కొట్టేవాళ్ళు సుద్దముక్కతో తలుపుల మీద గీతలు గీసి పోవడం అందరూ చూసిందే. పురుగులకైతే సుద్దముక్క కాదు, ఎర్ర రంగే వేస్తారని శుభ్రమ్మ తేల్చింది. ఆవిడకెవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రోజది. ప్రతి తల్లికీ తన పిల్లాడు రాత్రిళ్ళు పళ్ళు కొరకడం, పొద్దస్తమానం ఎక్కడో గోక్కోవడం గుర్తొచ్చింది.

నిజానికి తడుముకోవాల్సిన భుజాలు శుభ్రమ్మకీ ఉన్నాయి. మనవరాలు బుడ్డి కొన్నాళ్ళుగా కడుపునొప్పి అంటోంది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. కుట్టు కార్ఖానాకి పొద్దున్నే పరిగెత్తే కోడలు, "ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా," అని అంటూనే ఉంది. "బడి ఎగ్గొట్టే వేషాలు. దాని తండ్రి ఇంతకన్నా బాగా వేసేవాడు," అని శుభ్రమ్మ కొట్టిపారేస్తూనే ఉంది. బళ్ళో పురుగుల బిళ్ళ ఇచ్చిన రోజున పిల్ల చేత దాన్ని ఇంటికి తెప్పించి కాలవలో పారేయించింది కూడా. మన ఇంట్లో పురుగులేమిటి, నలుగురూ వింటే నవ్విపోరూ? ఇదీ ఆవిడ వాదం. పిల్లంటే ప్రాణమే. ఆ మాటకొస్తే తన చేత్తో కలిపి ముద్దలు పెడితే తప్ప ఆ పిల్ల తినదు. కానీ పరువంటే అంతకన్నా కాస్త ఎక్కువ ప్రాణం, ఏం చేస్తాం!

మర్నాడు ఇంకా మసక చీకటిగా ఉండగానే పెరటి తలుపు మీద ఎవరో గోటితో గీకారు. తీస్తే ఇస్త్రీ బండి ఆవిడ. కొంగు కింద ఏదో దాచింది.

"అక్కా, ఒక్క సాయం. కాదనకూడదు."

"ఏమిటే?"

"మావాడిది పెడితే ఏం తేలుతుందోనని భయంగా ఉంది. వాడు మట్టి తినే వెధవ. ఈ సందు మొత్తంలో కడిగిన ముత్యంలాంటి ఇల్లు నీదొక్కటే. నీది... కాస్త... చిక్కుడు గింజంత..."

శుభ్రమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం రావాల్సింది. రాలేదు సరికదా, గుండె గజం వెడల్పయింది. జీవితంలో ఎవరైనా ఇంతకన్నా గొప్పగా మెచ్చుకోగలరా! పిల్లల్ని పొగుడుతారు, వంట పొగుడుతారు, చీర పొగుడుతారు. ఇది పొగిడించుకున్న మనిషి ఎక్కడైనా ఉందా?

"ఎవరితోనూ అనకు మరి. నీ ఒక్కదానికే," అని డబ్బీ అందుకుంది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో ఇటు కండక్టరుగారి భార్య. ఆవిడకీ "నీ ఒక్కదానికే." ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. అందరికన్నా ఆఖర్న పంతులమ్మ వచ్చింది. శుభ్రత మీద బళ్ళో పాఠం చెప్పేది ఆవిడే. చెప్పేవాళ్ళ ఇంట్లోనే పురుగులు తేలితే రేపు పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలని ఆవిడ బాధ. "మీలాంటివాళ్ళు సందుకి ఒకరుంటే చాలు పిన్నిగారూ," అని కళ్ళు తుడుచుకుంది. ఎవరికి వాళ్ళు తామొక్కళ్ళమే వచ్చామనుకున్నారు. శుభ్రమ్మ ఒక్కపూట పంట సందు మొత్తానికి సరిపోయింది.

ఇక తన ఇంటి డబ్బీ మిగిలింది. కోడలు కార్ఖానాకి వెళ్తూ వెళ్తూ బుడ్డిది తన చేత్తోనే తీసి, మూత బిగించి, "నర్సమ్మ వస్తే ఇవ్వండి అత్తయ్యా, మరిచిపోకండి," అని అప్పజెప్పి వెళ్ళింది. శుభ్రమ్మ ఆ డబ్బీని కాసేపు దూరంగా పెట్టి చూసింది. పిల్ల పొట్ట గుర్తొచ్చింది. ఎర్ర రంగూ గుర్తొచ్చింది. అంతమందికి సాయం చేసినదాన్ని నా ఇంటికి నేను చేసుకోకూడదా అనుకుంది. ఎందుకైనా మంచిదని ఆ డబ్బీ బోర్లించి, కడిగి ఆరబెట్టి, అందులో కూడా తనదే పెట్టింది.

తర్వాతి రోజులన్నీ శుభ్రమ్మ నేల మీద నడవలేదు. కుళాయి దగ్గర ఆవిడ బిందెకి దారి దానంతటదే వచ్చేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు, కళ్ళతోనే దణ్ణాలు పెట్టేవారు.

ఆ వైభవం నర్సమ్మ మళ్ళీ వచ్చేవరకే నడిచింది. ఈసారి ఆవిడ చేతిలో సంచీ లేదు. మొహం కందగడ్డలా ఉంది. కుళాయి దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎవరు చేశారమ్మా ఈ పని?"

"ఏ పని?" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"మీ సందులో ప్రతి ఇంటి డబ్బీలోనూ ఏలికపాముల గుడ్లే. ఒక్క ఇల్లు మిగల్లేదు!"

ఇస్త్రీ బండి ఆవిడ మెల్లిగా తల తిప్పి శుభ్రమ్మ వైపు చూసింది. చూస్తూ చూస్తూ, కండక్టరుగారి భార్య కూడా అటే చూస్తోందేమిటా అని ఆశ్చర్యపోయింది. కండక్టరుగారి భార్యేమో పంతులమ్మని చూసి ఆశ్చర్యపోతోంది. పంతులమ్మ కూడా శుభ్రమ్మ మీద పెట్టిన కళ్ళు తిప్పడం లేదు. కాసేపటికి కుళాయి చుట్టూ నోళ్ళన్నీ తెరుచుకున్నాయి గానీ ఒక్క నోట్లోంచీ మాట రాలేదు. ఏమని అంటారు? అంటే తమ గుట్టే బయటపడుతుంది. అందరూ తేలు కుట్టిన దొంగలే.

శుభ్రమ్మ మనసులో లెక్క వేసుకుంది. అన్ని డబ్బీల్లోని పురుగులూ ఒక్క కడుపువే. ఆ కడుపు తనది. లోపల ఏదో జరజరా పాకినట్టనిపించి, నిజంగానే పాకుతోందేమోనని ఆవిడ పొట్ట బిగబట్టింది.

"సగం మందికుంటే సరే, ముప్పావు మందికున్నా సరే. అందరికీ, అదీ ఒకే తీరున ఉండటమేమిటి?" అంది నర్సమ్మ. "నేను ఇళ్ళు తిరగడానికి బద్ధకించి, ఒకళ్ళదే తీసి అన్ని డబ్బీల్లో సర్దానంటున్నాడు ల్యాబు ఆయన. నేనా సర్దింది! ఇంత చాకిరీ చేసి ఈ మాటా పడాలా? మీ సందుని జాబితాలోంచి కొట్టేశారు. డాక్టరుగారు రేపు వెనక వీధికి పోతున్నారు. మీ పిల్లల వంతు మళ్ళీ ఎప్పటికో."

కొట్టేశారన్న మాట శుభ్రమ్మ చెవిన తేనెలా పడింది. రంగూ లేదు, గుర్తూ లేదు, పీడ విరగడైంది. "పోనీలేమ్మా, దారిలో ఎండకి పాడై ఉంటాయి," అంది గొంతు సవరించుకుని. "అవునవును, ఎండకే," అని అందరూ ఒక్కసారే తలలూపారు. ఆ సందులో అంత ఐకమత్యం ఎప్పుడూ లేదు.

అప్పుడే కోడలు బిందె తీసుకుని వచ్చింది. బుడ్డికి తెల్లవారుజాము నుంచీ కడుపునొప్పి, వాంతులు. అందుకని ఆ పూట కార్ఖానాకి వెళ్ళలేదు. ఉండచుట్టుకుపోయి పడుకున్న పిల్లని చూసీ చూసీ ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. నర్సమ్మ మాట వినగానే బిందె కింద పెట్టేసింది.

"అయితే మా పాపకి ఉన్నట్టేగా నర్సమ్మగారూ? మందివ్వండి. పిల్ల మెలికలు తిరిగిపోతోంది."

"చెప్తున్నా కదమ్మా, ఆ డబ్బీలన్నీ దొంగవి. వాటిని నమ్మి మందెలా ఇస్తాను?"

"మిగతావి నాకు తెలీదు. మాది దొంగది కాదు. నా చేత్తో నేనే పెట్టాను."

"మీదీ వాటిలాగే ఉంది. ఇంక నన్ను మాయ చెయ్యొద్దు. ఇప్పటికే పడాల్సిన మాటలన్నీ పడ్డాను."

"ఒట్టు నర్సమ్మగారూ, నా బిడ్డ మీద ఒట్టు!"

"ఒట్లకేముంది, అందరూ వేస్తారు," అంది కండక్టరుగారి భార్య పక్కకి చూస్తూ. తన మీదకి రాకుండా ఉంటే చాలని ఆవిడ తాపత్రయం. "నలుగురిలో మంచి అనిపించుకోవాలంటే ఒట్టు కన్నా తేలికైనది ఏముంది?"

ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. కోడలి మొహం ఎర్రబడింది. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. అత్తగారి వైపు తిరిగింది.

"మీరు చెప్పండి అత్తయ్యా. మీ చేతికే కదా ఇచ్చాను."

శుభ్రమ్మ నోరు తెరిచింది. ఆడాల్సిన అబద్ధం నాలుక మీద సిద్ధంగానే ఉంది: "ఏమో తల్లీ, ఇచ్చావేమో, నాకు గుర్తులేదు." అంతే, ఎంత తేలిక! పరువు దక్కుతుంది. సందు మొత్తం ఆవిడకి రుణపడి ఉంటుంది. కోడలు నలుగురి ముందూ అబద్ధాలకోరు అవుతుంది, అది నాలుగు రోజులు అనుకుని మరిచిపోతారు. మరి బుడ్డి? ఇంట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుని, "నానమ్మా, నిజంగా నొప్పే, వేషం కాదు," అని పొద్దున్న ఆ పిల్ల అన్న మాట ఇప్పుడు చెవిలో జోరీగలా మోగింది. వేషం కాదని ఏడేళ్ళ పిల్ల తనకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది శుభ్రమ్మకి.

"దాన్ని ఎవరూ ఏమీ అనకండి," అంది. గొంతు మామూలుగానే పెద్దది, ఇప్పుడు ఇంకా పెద్దదైంది. "మా కోడలు అబద్ధం ఆడే మనిషి కాదు. అది పెట్టింది నేనే పారబోశాను. అవన్నీ నావే."

"ఏవన్నీ?" అంది నర్సమ్మ.

"అన్నీ. సందు మొత్తం. మా ఇంటిదాంతో సహా. ఆ ల్యాబు ఆయనతో చెప్పు, నీ తప్పేం లేదని. సర్దింది నేను."

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది. ఎవరూ కుళాయి కట్టలేదు. నర్సమ్మ ఆ గట్టు మీదే కూలబడి, శుభ్రమ్మని కింద నుంచి పైదాకా చూసింది.

"నా ఒక్కదానికే అన్నావు కదక్కా!" అంది ఇస్త్రీ బండి ఆవిడ, ఉక్రోషం పట్టలేక.

"నాకూ అలాగే అన్నారు," అని కండక్టరుగారి భార్య నోరు జారి, గభాలున చేత్తో మూసుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. పంతులమ్మ మాత్రం బిందె అక్కడే వదిలేసి, బడికి వేళయిందని జారుకోబోయి, "మీరు కూడానా మేడమ్!" అన్న నర్సమ్మ మాటతో ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ముందు ఎవరు నవ్వారో తెలీదు. తర్వాత నవ్వనివాళ్ళు లేరు, శుభ్రమ్మా ఆవిడ కోడలూ తప్ప.

"అది సరే గానీ పెద్దమ్మగారూ, ఇంత శుభ్రంగా ఉంటారు కదా, మీకెలా వచ్చాయి? గిన్నెలు దేంతో తోముతారు?" అని అడిగింది నర్సమ్మ.

"మట్టితో. సబ్బుకి ఆ మెరుపెక్కడ వస్తుంది?" ఇంత అవమానంలోనూ ఆ మాట చెప్పేటప్పుడు శుభ్రమ్మ తల కొంచెం పైకి లేచింది.

"ఎక్కడి మట్టి?"

"గోడ వెనక ఖాళీ జాగాలోది. మెత్తగా పిండిలా ఉంటుంది..." అంటూ సగంలో ఆగిపోయింది. గోడ వెనకకి సందులోని పిల్లలంతా పొద్దున్నే ఎందుకు వెళ్తారో అక్కడ తెలియనివాళ్ళెవరూ లేరు. శుభ్రమ్మ తన గోళ్ళు చూసుకుంది. ఈ చేత్తోనే కదా పిల్లకి ముద్దలు పెట్టింది! అందరూ చూస్తుండగానే రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

నర్సమ్మకి నవ్వు ఆగిపోయింది. లేచి, "పిల్లెక్కడుంది? పదండి," అంది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారు బుడ్డి పొట్ట నొక్కి చూసి, "ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే అన్నీ ఉండకట్టి పేగుకి అడ్డం పడేవి. అప్పుడు కొయ్యాల్సి వచ్చేది," అన్నారు. పిల్లని అక్కడే ఉంచి, కనిపెట్టి చూసి, మందిచ్చి పంపారు. శుభ్రమ్మకీ ఒక బిళ్ళ ఇచ్చారు. ఇంకెప్పుడైనా అయితే ఇది దేనికి, ఎంత చేదు, నీళ్ళు శుభ్రమైనవేనా అని సవాలక్ష అడిగేది. ఆ రోజు నోరెత్తకుండా నమిలి మింగింది.

సందుకి మళ్ళీ డబ్బీలు వచ్చాయి. ఈసారి ఎవరి డబ్బీ వాళ్ళే నింపుకున్నారు. ఇవ్వమన్నా ఇచ్చేవాళ్ళు లేరు, తీసుకునేవాళ్ళు అసలే లేరు. సగానికి పైగా పిల్లలకి ఉన్నాయని తేలింది, డాక్టరుగారు వచ్చి చూసి వెళ్ళారు. ఏ తలుపు మీదా ఎవరూ రంగు వెయ్యలేదు. పంతులమ్మ కొడుక్కి మాత్రం ఏమీ లేవని తేలింది. ఆ సంగతి చెప్పుకుని మురవడానికి ఇప్పుడు ఆవిడకి మొహం చెల్లలేదు.

వీటన్నిటికన్నా ముందే, ఆరోగ్య కేంద్రంలో మందిచ్చిన రెండో రోజు పొద్దున్న పెరట్లోంచి బుడ్డి కేక వినిపించింది. అది భయం కేక కాదు, పందెం గెలిచినవాళ్ళ కేక.

"నానమ్మా! తొందరగా రా! ఎన్నొచ్చాయో చూడు! చెప్పానా, నిజంగా నొప్పేనని!"

శుభ్రమ్మ వెళ్ళి చూసింది. పిల్ల అడిగింది కనక చూసి తీరాలి. చూసి, "అవునే తల్లీ, నిజమే," అంది. పిల్లని శుభ్రం చేసి, తన చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, వచ్చి వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

లోపల కోడలు పొయ్యి దగ్గర పాలు కాస్తోంది. కుళాయి దగ్గర గొడవ జరిగిన నాటి నుంచీ ఆమె అత్తగారిని ఒక్క మాట అనలేదు. బిళ్ళ కాలవలో పారేయించిన సంగతి బుడ్డి చెప్పేసింది, దానికీ అనలేదు. వేళకి అన్నం పెడుతోంది, వేళకి కార్ఖానాకి పోతోంది. నాలుగు దులిపేసినా శుభ్రమ్మ తట్టుకునేది గానీ, ఈ ఊరుకోవడాన్ని తట్టుకోలేకపోయింది.

"ఏదో ఒకటి అనవే," అంది. "తిట్టు. పిల్ల ప్రాణం మీదకి తెచ్చాను. నీ మాట ఒక్కటి విన్నానా? నన్ను అనడానికి నీకు నోరెందుకు రావట్లేదు?"

కోడలు పాలు దించి, పొయ్యి ఆపింది. గ్లాసులో పోసి, ఒకసారి వేలితో వేడి చూసింది. పిల్ల పెరట్లో పాట పాడుకుంటోంది.

"అంటాను అత్తయ్యా," అంది. "ఎందుకనను? ముందు పిల్లని కోలుకోనివ్వండి. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని, ఒక్కటి కూడా వదలకుండా అంటాను."

శుభ్రమ్మ తలూపింది. కోడలు అబద్ధం ఆడే మనిషి కాదని సందు మొత్తం ముందూ తనే చెప్పింది.